పశువులపాక నుండి ఓడరేవు వరకు: పాలసరకుల ఎగుమతి నియమములు



మన పూర్వులు విజయనగర ప్రభువుల కాలమునను, మధుర నాయకరాజుల కాలమునను ఈ దక్షిణసీమకు వచ్చిరి. కోయంబత్తూరు ప్రాంతమున నల్లరేగడి నేలలందు పత్తి పండించిరి. మధుర పరిసరములందు పశువులను పెంచిరి. ఇంటి వెలుపలి భాష మారినను, ఇంటిలోని పాడి మారలేదు. పూర్వపు కోయంబత్తూరు సీమలోనిదై, నేడు తిరుప్పూరు జిల్లాయందున్న ఊత్తుక్కుళి గ్రామపు వెన్న, నెయ్యి తమిళనాడంతటను పేరుపొందినవి.

మన ఊరి నేతిని సింగపూరునకో దుబాయికో పంపవలెనన్న ఏమేమి కావలయును? సంతలో కొనువాడు ఒక చుక్క నేతిని అరచేత రాచి వాసన చూచును. అమ్మువాడెవరో, అతని తండ్రి యెవరో కూడ ఎరుగును. సముద్రమున కావల నున్నవానికి ఈ రెండు సాధనములును లేవు. కావున వాసన చూచుటకు బదులుగా ప్రయోగశాల పరీక్షయు, ఎరుకకు బదులుగా అధికార పత్రమును ఏర్పడినవి. ఎగుమతి నియమములన్నియు ఈ రెండింటి నుండి పుట్టినవే.

పత్రములు

మొదటిది, ఎగుమతి దిగుమతి సంకేతాంకము. ఇందులో పది గుర్తులుండును. విదేశ వాణిజ్య డైరెక్టరు జనరల్ కార్యాలయము దీనిని ఇచ్చును. రెండవది, 2006 వ సంవత్సరపు ఆహారభద్రతా చట్టము క్రింద పొందవలసిన అనుమతి. మూడవది, 1985 వ సంవత్సరపు చట్టముచే ఏర్పడిన 'అపెడా' సంస్థయందు నమోదు. నాలుగవది మిక్కిలి ముఖ్యమైనది. 1963 లో ఎగుమతి సరకుల నాణ్యతా నియంత్రణ చట్టము వచ్చెను. దానిని అనుసరించి ఎగుమతి తనిఖీ మండలి ఏర్పడెను. చెన్నపురియందును కొచ్చియందును దాని శాఖలు గలవు. ఆ శాఖలవారు పాలసరకులు తయారగు కర్మాగారమును స్వయముగా చూచి ఆమోదింపవలయును; సరకుతో పోవలసిన ఆరోగ్యపత్రమును ఇయ్యవలయును.

ఇవికాక కొను దేశమువారి నియమములు వేరుగా నుండును. గల్ఫు దేశములకు పంపు డబ్బాలపై అరబ్బీ భాషలో వివరములుండవలెను. అమెరికాకు పంపదలచిన కర్మాగారము ముందుగా అచ్చటి ఆహార ఔషధ శాఖయందు నమోదు కావలెను.

పరీక్షలు

నేతికి ముద్ర వేయు పద్ధతి మన దేశమునకు క్రొత్తది కాదు. 1937 లో వ్యవసాయోత్పత్తుల శ్రేణీకరణ చట్టము వచ్చెను. నేతిని గూర్చిన 'అగ్మార్కు' నియమములు 1938 లో వెలువడినవి. నేతిలో వనస్పతిని కలుపు మోసమును పట్టుటకై ప్రభుత్వము ఒక యుక్తి పన్నెను. తయారగు ప్రతి వనస్పతిలోను నూటికి 5 పాళ్లు నువ్వులనూనె ఉండవలెనని శాసించెను. నువ్వులనూనె హైడ్రోక్లోరిక్ ఆమ్లముతోను ఫర్ఫ్యూరాలుతోను కలిసిన ఎర్రరంగు పుట్టును. కనుక పరీక్షలో నెయ్యి ఎర్రబారెనా, దొంగ పట్టుబడినట్లే.

రైకర్టు సంఖ్య యను మరియొక పరీక్ష గలదు. వెన్నలో సులభముగా ఆవిరియగు ఆమ్లము లెంత గలవో అది తెలుపును. ఇది మనవారు ముఖ్యముగా తెలిసికొనవలసిన విషయము. పత్తిగింజలు విస్తారముగా మేయు పశువుల నేతిలో ఈ సంఖ్య తగ్గును. ఆ సంగతి నెరుగని పరీక్షకునకు నిజమైన నెయ్యి కూడ కల్తీవలె తోచును. అందువలననే మన దేశపు ప్రమాణములలో పత్తి సీమలకు ప్రత్యేకముగా తక్కువ సంఖ్యను నిర్ణయించిరి. పశువు తిన్న మేత సీసాలోని అంకెయై కనబడునని దీనివలన గ్రహింపుడు.

అంతర్జాతీయ వర్తకమునకు 'కోడెక్సు' ప్రమాణములు ఆధారములు. ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 1963 లో ఈ ఏర్పాటును నెలకొల్పినవి. దాని ప్రకారము నేతిలో పాలకొవ్వు నూటికి 99.6 పాళ్లకు తగ్గరాదు.

పశువు ఆరోగ్యము

గాలికుంటు వ్యాధిని తమిళమున 'కోమారి' అందురు. ఈ వ్యాధి గల దేశము నుండి పాలసరకులు కొనుటకు అనేక దేశములు వెనుదీయును. కొన్నచో తగిన వేడిచేత పాలను శుద్ధిచేసినట్లు పత్రము కోరును. సాధారణముగా పాలను 72 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో 15 సెకండ్లయినను, 63 డిగ్రీలలో 30 నిమిషములయినను ఉంచి శుద్ధి చేయుదురు. ఈ వ్యాధిని అణచుటకై 2019 లో భారత ప్రభుత్వము దేశమంతట టీకాల కార్యక్రమమును ఆరంభించెను. టీకా వేయువారు వచ్చిన దినమున మన ఆవు మేతకు పోయి ఉండరాదు.

పొదుగువాపునకు మందు వేసిన పిమ్మట కొన్ని దినముల వరకు ఆ పాలను అమ్మరాదు. ఎన్ని దినములో మందు సీసాపై వ్రాసియుండును. ఆ పాలు ఒక్క చెంబెడు చేరినను, ఊరివారందరి పాలతో కూడి పెద్ద తొట్టిలో కలియును. అప్పుడు నష్టపడువాడు ఒక్కడు కాడు. రెండు ఆవులపై బ్రతుకు ఇరుగుపొరుగు కుటుంబములన్నియు.

కనబడని దోషము

పాలలో దోషమన్న మనకు నీళ్లు కలుపుట స్ఫురించును. 2018 లో జాతీయ ఆహారభద్రతా సంస్థ దేశమంతటను 6,432 పాల నమూనాలను పరీక్షింపించెను. ప్రాణహానికరమైన కల్తీ 12 నమూనాలలో మాత్రమే కనబడెను. కాని 368 నమూనాలలో అఫ్లటాక్సిన్ అను విషము మితిమీరి యుండెను. వానిలో 88 తమిళనాడువి. ఇది రాష్ట్రములన్నిటిలో అధికము.

ఈ విషము ఎచ్చటిది? తడిసి బూజుపట్టిన వేరుసెనగపిండిని, పత్తిగింజల పిండిని, మొక్కజొన్నను పశువు తినగా అది పాలలోనికి దిగును. కాచినను నశింపదు. నేతిలోనికి స్వల్పముగానే పోవును గాని, పాలపొడిలోను జున్నులోను నిలుచును. కోడెక్సువారు కిలో పాలకు 0.5 మైక్రోగ్రాము వరకు అనుమతింతురు. ఐరోపా దేశములు 0.05 మాత్రమే. ఇచ్చట మంచివనిపించుకొన్న పాలే అచ్చట త్రోసివేయబడవచ్చును. కలిపినవాడు లేడు, మోసము లేదు. అయినను సరకు తిరిగివచ్చును. మూలమెక్కడ? మన పాకలో తడినేలపై ఉంచిన పిండిసంచి.

మీ కర్తవ్యము

తూత్తుక్కుడి రేవునకుగాని కొచ్చి రేవునకుగాని చేరు ప్రతి పత్రమును మన ఇంటి వాకిట మొదలగుచున్నది. ఆ పత్రములు ఆంగ్లమున నుండును. పాలసంఘపు పుస్తకము తమిళమున నుండును. ఆవుకు మేత వేయు అవ్వకో తెలుగు మాట సుబోధము. ఈ మూటిని ఎరిగినవారు ఇంటిలో మీరే. కావున మందుసీసాపై వ్రాత చదివి ఆమెకు తెలుగున చెప్పుడు. మందు వేసిన తేదీని గోడపై వ్రాయుడు. పిండిసంచిని బల్లపై నెత్తి పెట్టుడు. బూజుపట్టిన దానిని పారవేయుడు. ఇందులకు ధనము అక్కరలేదు. తండ్రులారా, తల్లులారా! పిల్లలు ఈ మాటలు చెప్పునపుడు దయచేసి వినుడు.

అభ్యాసము

1. నేతిలో వనస్పతిని కనుగొనుటకు నువ్వులనూనె ఎట్లు తోడ్పడెను?
2. పత్తిగింజలు మేయు పశువుల నేతికి వేరు ప్రమాణ మేల?
3. మీ ఇంటిలో పశువుల మేత నిలువచేయు స్థలమును చూచి, అందలి దోషములను పది పంక్తులలో వ్రాయుడు.