ఉత్తరం ఎక్కడ ఆగింది?

ఉద్దేశం

కంప్యూటర్‌లోని మెయిల్ ప్రోగ్రాం సర్వర్‌తో సంబంధం కోల్పోయినప్పుడు దాని కారణాన్ని క్రమపద్ధతిలో వెదకడం, తొందరపాటువల్ల కలిగే నష్టాన్ని గుర్తించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

పూర్వం ఎదురుచూసిన ఉత్తరం రాకపోతే మనిషి తపాలా కార్యాలయానికి వెళ్లి విచారించేవాడు. అక్కడి గుమాస్తా టపా సంచి ఇంకా రాలేదనో, చిరునామా సరిగా లేదనో సమాధానం చెప్పేవాడు. నేడు ఆ గుమాస్తా స్థానంలో కంప్యూటర్ తెరపై ఒక చిన్న సందేశం కనిపిస్తుంది. చాలామంది దానిని చదవకుండానే మూసివేస్తారు. నిజానికి ఉత్తరం ఎక్కడ ఆగిందో చెప్పే మొదటి సాక్షి ఆ సందేశమే.

1971లో అమెరికాకు చెందిన ఇంజనీరు రే టామ్లిన్‌సన్ ఆర్పానెట్ అనే జాలం ద్వారా ఒక కంప్యూటర్ నుండి మరొక కంప్యూటర్‌కు సందేశం పంపి ఈ-మెయిల్‌కు నాంది పలికాడు. భారతదేశంలో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ సామాన్య ప్రజలకు అంతర్జాల సేవలను ప్రారంభించింది. నాటి నుండి ఈ-మెయిల్ క్రమంగా విద్యకు, ఉద్యోగానికి, వ్యాపారానికి ఆధారమైంది. ప్రవేశ పరీక్ష సమాచారం గాని, ఉద్యోగానికి పిలుపు గాని ఒక్కరోజు ఆలస్యంగా అందితే చేతికి వచ్చిన అవకాశం జారిపోవచ్చు.

ఈ-మెయిల్‌ను బ్రౌజర్‌లో చూడవచ్చు. థండర్‌బర్డ్, అవుట్‌లుక్ వంటి మెయిల్ ప్రోగ్రాం ద్వారా కూడా చూడవచ్చు. మెయిల్ ప్రోగ్రాం ఉత్తరాల ప్రతులను సొంత కంప్యూటర్‌లో భద్రపరచగలదు. అంతర్జాలం లేని సమయంలో కూడా వాటిని చదువుకోవచ్చు. అయితే ఈ ప్రోగ్రాం సర్వర్‌ను చేరడానికి కొన్ని నియమాలను పాటించాలి. ఉత్తరం పంపడానికి 1982లో రూపొందిన ఎస్.ఎం.టి.పి. అనే పద్ధతి ఉంది. ఉత్తరాలను అందుకోవడానికి పాప్, ఐమాప్ అనే రెండు పద్ధతులున్నాయి. పాప్ ఉత్తరాలను సర్వర్ నుండి ఇంటికి తెచ్చుకునే పద్ధతి. ఐమాప్ ఉత్తరాలను సర్వర్‌లోనే ఉంచి, వాటిని అనేక పరికరాలలో చూపించే పద్ధతి. పంపే దారి వేరు, అందుకునే దారి వేరు. కాబట్టి ఒకటి పనిచేస్తూ మరొకటి ఆగిపోవడంలో ఆశ్చర్యం లేదు.

నాలుగు మజిలీలు

మెయిల్ ప్రోగ్రాం సర్వర్‌ను చేరేలోపు నాలుగు మజిలీలు దాటాలి. ఏ మజిలీలో ఆగిందో తెలిస్తే సగం సమస్య తీరినట్లే.

మొదటి మజిలీ చిరునామా. సర్వర్‌కు మనం ఒక పేరు ఇస్తాం. అంతర్జాలం ఆ పేరును అంకెల చిరునామాగా మార్చుకుంటుంది. 1983లో పాల్ మాకపెట్రిస్ రూపొందించిన డి.ఎన్.ఎస్. అనే వ్యవస్థ ఈ పని చేస్తుంది. “సర్వర్ కనబడలేదు” అన్న సందేశం వస్తే లోపం ఇక్కడ ఉన్నదని భావించాలి. ఇంట గెలిచి రచ్చ గెలవాలి కనుక మొదట సొంత కంప్యూటర్‌కు అంతర్జాలం అందుతున్నదో లేదో చూడాలి. బ్రౌజర్‌లో ఏదైనా కొత్త పేజీ తెరచి చూస్తే ఇది తెలుస్తుంది. రైల్వే స్టేషన్లలోను, వసతిగృహాలలోను లభించే వైఫై కొన్నిసార్లు బ్రౌజర్‌లో ముందుగా వివరాలు నమోదు చేయనిదే దారి ఇవ్వదు. పేజీ తెరచుకుంటే సర్వర్ పేరును అక్షరం అక్షరం సరిచూడాలి. ఒక్క చుక్క తప్పినా చిరునామా మారిపోతుంది.

రెండవ మజిలీ ద్వారం. సర్వర్‌లో ఒక్కొక్క పనికి ఒక్కొక్క ద్వారం ఉంటుంది. దీనినే పోర్టు అంటారు. భద్రత గల సంబంధానికి సాధారణంగా ఐమాప్ 993ను, పాప్ 995ను ఉపయోగిస్తాయి. ఉత్తరం పంపడానికి 465 గాని, 587 గాని ఉపయోగిస్తారు. “సంబంధం నిరాకరించబడింది” అంటే సాధారణంగా సర్వర్ వరకు చేరాము గాని ఆ ద్వారం మూసి ఉన్నదని అర్థం. “గడువు దాటింది” అంటే ఎంతసేపు పిలిచినా జవాబు రాలేదని అర్థం. అప్పుడు మధ్యలో అడ్డుగా నిలిచిన ఫైర్‌వాల్‌ను, యాంటీవైరస్‌ను అనుమానించాలి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వనట్లు, సర్వర్ సిద్ధంగా ఉన్నా ఇవి సంబంధాన్ని ఆపివేయగలవు.

ఉదాహరణకు, ఒక విద్యార్థిని కంప్యూటర్‌లో ఉత్తరాలు వస్తున్నాయి గాని పోవడం లేదు. అదే కంప్యూటర్‌ను మొబైల్ ఫోన్ ద్వారా వేరే నెట్‌కు కలిపితే ఉత్తరాలు పోతున్నాయి. దీనివల్ల కంప్యూటర్‌లోను, పాస్‌వర్డ్‌లోను దోషం లేదని తేలింది. అమరికలో పంపే ద్వారం 25గా ఉంది. అవాంఛిత ఉత్తరాలను అరికట్టడానికి అనేక అంతర్జాల సంస్థలు ఈ ద్వారాన్ని మూసివేస్తాయి. ఆమె దానిని 587గా మార్చి, తగిన భద్రతా పద్ధతిని ఎంచుకుంటే సమస్య తీరుతుంది.

మూడవ మజిలీ ధ్రువపత్రం. సర్వర్ తాను ఎవరో నిరూపించుకోవడానికి ఒక ధ్రువపత్రం చూపుతుంది. దానికి ప్రారంభ తేదీ, ముగింపు తేదీ ఉంటాయి. కంప్యూటర్ లోపలి చిన్న బ్యాటరీ అయిపోతే గడియారం ఎన్నో ఏళ్లు వెనుకకు పోవచ్చు. అప్పుడు సరైన ధ్రువపత్రం కూడా చెల్లనిదిగా కనిపిస్తుంది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్లు, గంటలకొద్దీ వెదికిన తరువాత తేదీ తప్పుగా ఉన్నదని తెలియడం అరుదు కాదు. కొన్నిసార్లు దోషం పాతబడిన భద్రతా పద్ధతిలో ఉంటుంది. 2020లో వచ్చిన థండర్‌బర్డ్ 78, బలహీనపడిన టి.ఎల్.ఎస్. 1.0, 1.1 పద్ధతులను అప్రమేయంగా నిలిపివేసింది. పాత సర్వర్లను ఉపయోగించేవారికి దానితో సంబంధం తెగిపోయింది.

నాలుగవ మజిలీ గుర్తింపు. వినియోగదారుని పేరు, పాస్‌వర్డ్ ఇక్కడ పరీక్షింపబడతాయి. బ్రౌజర్‌లో చెల్లిన పాస్‌వర్డ్ మెయిల్ ప్రోగ్రాంలో చెల్లకపోవడం చాలామందిని కలవరపెడుతుంది. దీనికి కారణం ఉంది. పాస్‌వర్డ్ ఒక్కటే ఇచ్చి ప్రవేశించే పాత పద్ధతిని గూగుల్ 2022 మే 30 నుండి వ్యక్తిగత ఖాతాలకు నిలిపివేసింది. మైక్రోసాఫ్ట్ తన అవుట్‌లుక్ డాట్ కామ్ ఖాతాలకు 2024 సెప్టెంబరు 16న నిలిపివేసింది. ఇటువంటి ఖాతాలకు ప్రోగ్రాం అమరికలో ఓఆథ్ అనే పద్ధతిని ఎంచుకోవాలి. అప్పుడు ఖాతా ఇచ్చిన సంస్థ పేజీయే తెరచుకొని అనుమతి అడుగుతుంది. ప్రోగ్రాం చేతికి అసలు పాస్‌వర్డ్ చిక్కదు.

తొందరపాటు తెచ్చే నష్టం

సంబంధం తెగినప్పుడు కొందరు ఖాతానే తొలగించి మళ్లీ చేరుస్తారు. పాప్ పద్ధతిలో ఉత్తరాల ప్రతులు సర్వర్‌లో మిగలకుండా సొంత కంప్యూటర్‌లోనే ఉండవచ్చు. ఖాతాతోపాటు వాటిని కూడా చెరిపివేస్తే ఏళ్ల తరబడి దాచుకున్న ఉత్తరాలు ఒక్క క్షణంలో పోతాయి. ఇది ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. ఏ మార్పుకైనా ముందు ఉత్తరాలున్న ఫోల్డరుకు ఒక నకలు తీసి వేరొకచోట ఉంచాలి.

మరికొందరు ధ్రువపత్రం గురించిన హెచ్చరిక రాగానే దానిని అంగీకరించి ముందుకు సాగుతారు. ఆ హెచ్చరిక గడియారం దోషంవల్ల రావచ్చు. సర్వర్ వేషంలో మధ్య నిలిచిన మోసగానివల్ల కూడా రావచ్చు. రెండవదే నిజమైతే పాస్‌వర్డ్‌ను స్వయంగా దొంగ చేతిలో పెట్టినట్లవుతుంది. భద్రతను పూర్తిగా తీసివేయడం కూడా అంతే ప్రమాదకరం. అప్పుడు ఉత్తరం అతికించిన కవరులో కాక, దారిలో ఎవరైనా చదవగల కార్డులా ప్రయాణిస్తుంది.

వీటన్నిటికంటె సాధారణమైన పొరపాటు మరొకటి ఉంది. ఒకేసారి నాలుగైదు అమరికలను మార్చడం. సమస్య తీరినా ఏ మార్పువల్ల తీరిందో తెలియదు. తీరకపోతే పాత దోషానికి కొత్త దోషాలు తోడవుతాయి. కాబట్టి ఉన్న అమరికను కాగితంపై రాసుకొని, ఒక్కొక్క దానినే మార్చి చూడాలి. ఫలితం లేకపోతే దానిని పూర్వస్థితికి తెచ్చిన తరువాతనే మరొకదానిని తాకాలి.

నాడి చూడకుండా మందు ఇచ్చేవాడు వైద్యుడు కాడు. తెరపై వచ్చిన సందేశాన్ని చదవడమే ఇక్కడ నాడి చూడడం. అది చిరునామా గురించి చెబుతున్నదా, ద్వారం గురించా, ధ్రువపత్రం గురించా, గుర్తింపు గురించా అని ప్రశ్నించుకున్నవానికి యంత్రం శత్రువు కాదు. అది తన భాషలో తన బాధ చెప్పుకుంటున్న రోగి వంటిది.

కఠిన పదాలు – అర్థాలు

నాంది = ప్రారంభం
మజిలీ = ప్రయాణంలో ఆగే చోటు
అప్రమేయంగా = ప్రత్యేకంగా ఎంచుకోకుండానే, ముందే అమర్చిన విధంగా
అవాంఛిత = కోరని
నకలు = ప్రతి

ప్రశ్నలు

అ) ఈ క్రింది ప్రశ్నకు ఇరవై పంక్తులలో సమాధానం రాయండి.
1. మెయిల్ ప్రోగ్రాం దాటవలసిన నాలుగు మజిలీలను వివరించండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానం రాయండి.
1. ఖాతాను తొలగించడంవల్ల కలిగే నష్టం ఏమిటి?
2. ఒక్కొక్క అమరికనే ఎందుకు మార్చాలి?

ఇ) ఈ క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. డి.ఎన్.ఎస్. వ్యవస్థను రూపొందించినవారు ఎవరు?
2. “గడువు దాటింది” అన్న సందేశానికి అర్థం ఏమిటి?