గర్భసంచి తీయించుకోమన్నారా? సంతకం పెట్టే ముందు ఇది చదవండి

తెల్లబట్ట అవుతోందనో, నడుం నొప్పి అనో వెళితే "గర్భసంచికి పుండు పడింది, తీయకపోతే క్యాన్సర్ అవుతుంది" అన్నారా? భయపడి ఆ రోజే ఒప్పుకోకండి. తెల్లబట్ట చాలావరకు ఇన్ఫెక్షన్ వల్ల వస్తుంది, మందులతో తగ్గుతుంది. క్యాన్సర్ అనుమానం ఉంటే ముందు పాప్ స్మియర్, అవసరమైతే ముక్క పరీక్ష చేయాలి. పరీక్ష లేకుండా ఆ మాట నమ్మొద్దు.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో నూటికి 3 మంది అయితే, మన తెలంగాణలో దాదాపు 8 మంది.

నిజంగా అవసరమయ్యే కేసులూ ఉన్నాయి. క్యాన్సర్, మందులకు ఆగని రక్తస్రావం, బాగా జారిపోయిన గర్భసంచి వంటివి. గడ్డలున్నా ఇబ్బంది పెట్టకపోతే చాలామందికి ఆపరేషన్ అక్కర్లేదు. నెలసరి పూర్తిగా ఆగాక అవి సాధారణంగా కుంచించుకుపోతాయి.

డాక్టరును అడగండి: నా జబ్బు పేరేంటి? ముందు మందులు వాడి చూడొచ్చా? అండాశయాలు కూడా తీస్తారా? ఈ చివరిది తప్పక అడగాలి. రెండూ తీసేస్తే 35 ఏళ్లకే నెలసరి ఆగిపోయిన ఒళ్లవుతుంది. ఒంట్లో వేడి ఆవిర్లు, ఎముకలు గుల్లబారడం మొదలవుతాయి. "పిల్లలు పుట్టేశారుగా, ఇక దేనికి?" అనేది కారణమే కాదు, ఇంట్లోవాళ్లు అన్నా సరే.

రిపోర్టులు జిరాక్స్ తీసుకుని ప్రభుత్వ ఆస్పత్రిలో గైనిక్ డాక్టరుకు చూపించండి. ఆరోగ్యశ్రీలో ఉచితం అన్నంత మాత్రాన ఆపరేషన్ అవసరమని కాదు. పథకం కింద చేస్తూ డబ్బులడిగితే ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రకు చెప్పండి, లేదా 104కు ఫోన్ చేయండి. రక్తం బాగా పోతూ కళ్లు తిరుగుతుంటే మాత్రం ఆగొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.