చేప ఒంటి జిగురు కూడా ఒక నేలే: నీళ్లలో యాంటీబయాటిక్ కలిస్తే ఏమవుతుంది?

జీవామృతం ఎందుకు పోస్తామో మనందరికీ తెలుసు. నేలలో సూక్ష్మజీవులు బాగుంటే వేరు బాగుంటుంది. చేపకూ ఇదే లెక్క. కాకపోతే దాని సూక్ష్మజీవులు ఒంటి మీది జిగురులో ఉంటాయి. పై వీడియోలోని విషయాన్నే ఇక్కడ వివరంగా చూద్దాం.

జిగురు చేసే పని

చేప చేతిలోంచి జారిపోయేది ఈ జిగురు వల్లే. చర్మం దీన్ని ఎప్పటికప్పుడు తయారుచేస్తుంది, పాతది నీళ్లలో కొట్టుకుపోతుంది. ఇందులో క్రిములను చంపే లైసోజైమ్ లాంటి పదార్థాలుంటాయి. వాటిని తట్టుకుని బతికే రకరకాల బ్యాక్టీరియా కూడా ఉంటుంది. చోటు, తిండి ఇవే ముందుగా ఆక్రమించుకుంటాయి కాబట్టి రోగం తెచ్చేవి అంత సులువుగా నిలదొక్కుకోలేవు.

మందు తగిలితే

యాంటీబయాటిక్‌కి మంచి బ్యాక్టీరియా, చెడ్డ బ్యాక్టీరియా అనే తేడా తెలియదు. లొంగేవి పోతాయి, తట్టుకునేవి ఆ ఖాళీలో పెరుగుతాయి. చెరువు నీళ్లలో మామూలుగానే ఉండే ఏరోమోనాస్‌కి అప్పుడు దారి దొరుకుతుంది. ఎర్ర మచ్చలు, పుండ్లు, తోక కుళ్ళు తెచ్చే వాటిలో ఇదొకటి.

దోమల కోసం బావుల్లో వదిలే గంబూసియా చేపల మీద అమెరికాలో చేసిన పరిశోధన 2015లో వచ్చింది. రిఫాంపిసిన్ కలిపిన నీళ్లలో ఉంచాక వాటి చర్మం మీది బ్యాక్టీరియా కూర్పు మారిపోయింది. ఆ చేపలు రోగకారక క్రిమికీ, ఉప్పు ఒత్తిడికీ త్వరగా లొంగిపోయాయి.

నీళ్లలోకి ఎలా వస్తుంది?

పటాన్‌చెరు సంగతి ప్రపంచమంతా తెలుసు. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థాలు వచ్చే శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ప్రకటించారు. శుద్ధి అయ్యాక కూడా లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్! ఆ మందు వేసుకున్న మనిషి రక్తంలో కూడా అంత ఉండదు. అప్పట్లో ఆ నీళ్లు ఇసుకవాగు, నక్కవాగు మీదుగా మంజీరలో కలిసేవి.

ఫ్యాక్టరీలే కాదు, ఆసుపత్రుల మురుగు, కోళ్ల ఎరువు, చెరువులో మనమే వేసే మందులూ ఉన్నాయి.

మన చేతిలో ఉన్నవి

1. మచ్చ కనబడగానే మందు పోయొద్దు. చేప పేను కుట్టినా, ఆక్సిజన్ తగ్గినా, వల రాసుకున్నా మచ్చలొస్తాయి. ముందు నీళ్లు, చేప రెండూ పరీక్ష చేయించండి.
2. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు ఆక్వాలో నిషేధం. ఎవరిచ్చినా తీసుకోవద్దు.
3. మందు వాడిన ఫారం కోళ్ల ఎరువు చెరువులో వేయొద్దు. కుప్పలో కుళ్ళబెడితే కొన్ని మందులు తగ్గుతాయి గానీ అన్నీ పోవు.
4. యాంటీబయాటిక్ ఇంజక్షన్ చేయించిన ఆవు పేడ, మూత్రం ఆ రోజుల్లో జీవామృతానికి వాడొద్దు. సూక్ష్మజీవుల్ని పెంచే డ్రమ్ములో వాటిని చంపే మందు కలిపినట్టే.
5. చేపను తడి చేత్తోనే పట్టుకోండి. పొడి చెయ్యి జిగురును ఊడ్చేస్తుంది.

నేలను కాపాడుకున్నట్టే చేప జిగురును కాపాడుకుందాం. అది బాగున్న చెరువులో మందు సీసా అవసరం తగ్గుతుంది.