వంటింటి పనిముట్లు – వాటి క్రియాపదాలు

పాఠ్యోద్దేశం: వంటకు అవసరమైన సాధనాల పనితీరును, వాటితో ముడిపడిన తెలుగు క్రియాపదాల అర్థభేదాలను విద్యార్థులకు తెలియజేయడం.

వంటింటికి ఏ పనిముట్లు అవసరం? అంగడిలోని వస్తువులను చూసి ఈ ప్రశ్నకు సమాధానం చెప్పలేము. ఆ ఇంట ఏ ధాన్యం వండుతారో, దానికి ఏయే పనులు చేయవలసి ఉంటుందో చూడాలి. పని ఉన్నచోట పనిముట్టు పుడుతుంది. దానితోపాటు ఆ పనిని తెలిపే క్రియాపదమూ నిలుస్తుంది.

నల్లమల కొండలకు తూర్పున ఉన్న మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేవరకు కర్నూలు జిల్లాలో ఉండేవి. వానలు తక్కువైన ఈ మెట్టసీమలో జొన్న, సజ్జ, కొర్ర, రాగి తరతరాలుగా ప్రజల ఆహారం. అందుచేత ఇక్కడి పాతకాలపు వంటింటిలో రోలు, రోకలి, తిరుగలి, చేట, జల్లెడ, సంగటికట్టె ముఖ్యసాధనాలయ్యాయి.

వీటి పనులు ఒకదానికొకటి భిన్నమైనవి. కొర్రలను రోటిలో పోసి రోకలితో పైనుండి పోటు వేయడం 'దంచడం'. దానితో పొట్టు ఊడుతుంది. తిరుగలి కంతలో గింజలు పోసి పైరాతిని తిప్పడం 'విసరడం'. రెండు రాళ్ళ నడుమ నలిగిన పిండి అంచుల వెంట రాలుతుంది. నానిన పప్పును పొత్రంతో తిప్పి మెత్తగా చేయడం 'రుబ్బడం'. పచ్చడిని బండతో ఒత్తి రాయడం 'నూరడం'. చేటతో చెరుగుతాము, జల్లెడతో జల్లిస్తాము. చేట బరువును బట్టి పొట్టును, గింజను వేరుచేస్తుంది; జల్లెడ పరిమాణాన్ని బట్టి పిండిని, నూకను వేరుచేస్తుంది.

సంగటి వండేటప్పుడు ఎసటిలో నూకలు ఉడికిన తరువాత రాగిపిండి వేసి, మగ్గనిచ్చి, ఉండలు కట్టకుండా కెలుకుతారు. ఆ ముద్ద బిగువుకు గరిటె వంగిపోతుంది. కనుకనే పొడవైన గట్టి కట్టె కావలసి వచ్చింది.

మార్కాపురం పలకలకు ప్రసిద్ధి. ఇక్కడి పలకరాయి పలుచని పొరలుగా చీలుతుంది కాబట్టి బడిపిల్లల చేతికి పలక అయింది. ఆ గుణమే రోటికి దోషం. రోకటి పోటుకు పొరలు లేచే రాయి పనికిరాదు; రోలుకు, తిరుగలికి కఠినమైన రాయి కావాలి. వాడుకలో నునుపెక్కిన రాతిపై ఉలితో మళ్ళీ గంట్లు పెట్టించాలి. దీనినే 'కక్కు కొట్టడం' అంటారు.

ఈ పనులన్నింటి వెనుక స్త్రీల రెక్కల కష్టం ఉంది. తెల్లవారకముందే లేచి విసరడం, దంచడం వారి నిత్యకృత్యం. పిండిమర, మిక్సీ ఆ భారాన్ని తగ్గించాయి. తిరుగలి పాటలు మధురమైనవే. కాని వాటికోసం ఆ శ్రమను తిరిగి కోరడం న్యాయం కాదు. అయితే దంచు, నూరు, రుబ్బు అనే మూడు మాటలు నేడు 'మిక్సీ వేయు' అనే ఒక్క మాటలో కలిసిపోతున్నాయి. 'మద్దెల పోయి రోలుతో మొరపెట్టుకున్నట్లు' అనేది మన సామెత. మద్దెలకు చేతి దెబ్బలే. రోటికి రోకటి పోట్లు. రోలును ఎరుగనివారికి ఇందులోని హాస్యం అందదు.

ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. కొర్రలు, సజ్జలు మళ్ళీ ఆదరణ పొందుతున్న ఈ కాలంలో వాటి వంటకు సంబంధించిన మాటలనూ తెలుసుకోవాలి. చదువుకోసం పట్టణంలో గది తీసుకున్న విద్యార్థికి కత్తిపీట, అడుగు మందమైన గిన్నె, పెనం, గరిటె, జల్లెడ, చిన్నరోలు ఉంటే చాలును. వీటితో తరగడం, ఉడికించడం, కాల్చడం, కలపడం, జల్లించడం, నూరడం అలవడతాయి. తిరుగలి ప్రతి ఇంటికీ తిరిగి రానక్కరలేదు. కాని విసరడానికి, రుబ్బడానికి గల భేదం తెలుగు చదివినవారికి తెలిసి ఉండాలి.

అర్థాలు
మెట్టసీమ = వర్షాధారమైన భూములున్న ప్రాంతం
పొత్రం = రుబ్బురోటిలో తిప్పే రాయి
ఎసరు = వంటకు మరిగించే నీరు
నిత్యకృత్యం = ప్రతిదినం చేసే పని

ప్రశ్నలు
1. దంచడం, విసరడం, రుబ్బడం, నూరడం అనే క్రియల భేదాలను వివరించండి.
2. పలకరాయి రోటికి ఎందుకు పనికిరాదు?
3. మీ ఇంటి పెద్దలనడిగి, నేడు వాడుక తగ్గిన ఐదు వంటింటి పనిముట్ల పేర్లను, వాటి క్రియాపదాలను సేకరించి సొంతవాక్యాలలో ప్రయోగించండి.