సైరంధ్రీవనము నేర్పు పాఠము

కేరళ రాష్ట్రమున పాలక్కాడు జిల్లాలో, పశ్చిమ కనుమల నడుమ, సైరంధ్రీవనమను పేరుగల యరణ్యమొకటి కలదు. దానిగుండ ప్రవహించు నది పేరు కుంతిపుళ. వనవాసకాలమున పాండవులిచ్చట నుండిరని స్థానికుల యైతిహ్యము. లోకమున నీ వనము సైలెంట్ వ్యాలీ యను పేరుతో ప్రసిద్ధము.

1973లో ప్రణాళికా సంఘము ఈ నదిపై జలవిద్యుత్ పథకమునకు అనుమతి నొసగెను. ఉత్తర కేరళమున విద్యుత్తు కొఱత యుండెను. చీకటిలోనున్న గ్రామమునకు దీపమును, నిరుద్యోగికి పనియును కోరుట అధర్మము కాదు. కాని ఆనకట్ట కట్టినచో నదీతీరమందలి వనభాగము నీట మునుగును. ఒక హితమునకై మరియొక హితమును బలియీయవచ్చునా యనునదియే ప్రశ్న.

ఇట్టి సతతహరితారణ్యము చూపునకు తరుగని సంపదవలె తోచును. అయితే ఆ సంపద నేలయందు కంటె చెట్లయందే అధికముగా నిలిచియుండును. రాలిన యాకు శీఘ్రముగా కుళ్ళును. దాని సారమును వేళ్ళు వెంటనే గ్రహించును. చెట్లు పోయినచో మిగిలిన కొలది సారమును వర్షములు కొట్టుకొనిపోవును. ఇచ్చటి సింహపుతోక కోతి ప్రాయికముగా చెట్లకొమ్మలపైననే జీవించును. వెడిప్లావు వృక్షపు పూవులు, కాయలు దానికి ముఖ్యాహారము. కొమ్మల వరుస తెగినచో దాని దారియే తెగును.

కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు పథకముయొక్క లాభనష్టములను పరిశీలించి ప్రజలకు తెలిపెను. కవయిత్రి సుగతకుమారి మొదలగువారు వనరక్షణకై పాటుపడిరి. 1983లో పథకము విరమింపబడెను. 1984లో ఆ వనము జాతీయోద్యానముగా ప్రకటింపబడెను. 1985లో ప్రధానమంత్రి రాజీవ్ గాంధీ దానిని ప్రారంభించెను.

ఇందు సాధకుడు గ్రహింపవలసినది వివేకము. విద్యుత్తును సూర్యరశ్మినుండియు, గాలినుండియు పొందవచ్చును. అనేక లక్షల యేండ్లలో నేర్పడిన జీవసమూహమును మాత్రము మానవుడు తిరిగి నిర్మింపజాలడు. మరల పొందగల దానికొఱకు మరల రానిదానిని పోగొట్టుకొనుట అవివేకము.

భగవద్గీత మూడవ అధ్యాయమున బోధింపబడిన యజ్ఞచక్రమున మానవుడు కేవలము భోక్త కాడు. తాను స్వీకరించినదానికి ఋణపడినవాడు. అడవికి దూరముననున్న గృహస్థునకును ఈ ఋణము కలదు. ఆతని యింటి దీపము ఏదో యొక నదినో, గనినో ఆశ్రయించియే వెలుగుచున్నది. తన వినియోగమున అవసరమెంత, ఆశ యెంత యని ప్రతిదినము విచారించి, ఆశను తగ్గించుకొనుటయే ఆతనికి సాధ్యమైన వనరక్షణ. అదియే అపరిగ్రహ సాధన.