వరిగడ్డి పొగ, గాలిలో విద్యుత్తు

ప్రశ్న: కోతలయ్యాక మా చేలల్లో గడ్డి తగలబెడుతున్నారు. ఆ పొగ గాలిలోని విద్యుత్తును మారుస్తుందా?
– ఒక రైతు, రామచంద్రపురం

జవాబు: మారుస్తుందండీ. ఆకాశం నిర్మలంగా ఉన్నా నేల దగ్గర మీటరుకు సుమారు 100 వోల్టుల విద్యుత్ క్షేత్రం ఉంటుంది. మట్టిలోని యురేనియం నుంచి పుట్టే రేడాన్ వాయువు పైకొచ్చి గాలిలో అయాన్లను పుట్టిస్తుంది. దాంతో గాలి వాహకత పెరిగి, క్షేత్రం తగ్గుతుంది. చేలో నీళ్లు నిలిచినప్పుడు రేడాన్ అంతగా బయటికి రాదు. నేల ఆరితే ఎక్కువగా వస్తుంది.

పొగది ఇందుకు వ్యతిరేకమైన పని. చురుకైన చిన్న అయాన్లు మసి రేణువులకు అంటుకుని మందగిస్తాయి. వాహకత పడిపోయి క్షేత్రం పెరుగుతుంది. చలికాలం తెల్లవారుజామున గాలి కదలక రేడాన్, పొగ రెండూ నేల దగ్గరే పేరుకుంటాయి.

ఈ విద్యుత్తుతో మనకు హాని లేదు, హాని పొగతోనే. గడ్డిని పశువులకు వేయండి, లేదా చేలోనే కలియదున్నండి.