సహాధ్యాయియు గురువే

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో ఆచార్యులు బోధించునది ఒక భాగము. గ్రంథములు నేర్పునది మఱియొక భాగము. ప్రక్క బల్లపై కూర్చుండిన సహాధ్యాయి నేర్పునది మూడవ భాగము. మొదటి రెండింటికి లభించు గౌరవము ఈ మూడవదానికి లభించుట అరుదు.

సూక్ష్మబోధన పద్ధతిని పరిశీలించినచో సహాధ్యాయి విలువ తెలియును. ఈ పద్ధతి 1960 దశకారంభమున అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున రూపొంది, పిదప మన దేశపు శిక్షణ కళాశాలలకు వచ్చినది. ఇందు విద్యార్థుల స్థానమున సహ ఛాత్రోపాధ్యాయులే కూర్చుందురు. ఒక్క నైపుణ్యమును మాత్రమే గ్రహించి 6 నిమిషములు బోధింపవలెను. పిదప 6 నిమిషములు గుణదోష చర్చ, 12 నిమిషములు పాఠ్యపథకమును సవరించుకొనుట, మరల 6 నిమిషములు బోధన, 6 నిమిషములు చర్చ. ఇట్లు మొత్తము 36 నిమిషముల క్రమము మన దేశమున వాడుకలో నున్నది.

ఒక ఛాత్రోపాధ్యాయుడు సవర్ణదీర్ఘసంధిని బోధించుచు ప్రశ్నించు నైపుణ్యమును అభ్యసించుచున్నాడనుకొందము. నల్లబల్లపై ‘రామాలయము’ అని వ్రాసి, “ఇందలి పూర్వపదమేది?” అని యడిగి, క్షణమైనను ఆగక “రామ” అని తానే చెప్పివైచును. పెక్కు ప్రశ్నలడిగితినని సంతోషించును. వెనుక వరుసలో లెక్క వ్రాసికొన్న మిత్రుడు, “నీవు ఎనిమిది ప్రశ్నలడిగితివి. ఐదింటికి నీవే బదులు చెప్పితివి. మాకు ఆలోచించు వ్యవధి యేది?” అనును. మాట చేదుగా నుండును గాని అదియే ఔషధము. పునర్బోధనలో అతడు ప్రశ్న యడిగి, కొంత తడవాగి, పిదప ఒకరిని పేరుపెట్టి పిలుచును.

మొగమోటముచే ఆ మిత్రుడు “బాగున్నది” అని యూరకున్నచో నేమగును? ఆ దోషము ఛాత్రోపాధ్యాయునితోడనే పాఠశాలకు పోవును. అచ్చట దానిని ఎత్తిచూపగల ధైర్యము పసిపిల్లలకుండదు. నష్టము వారిది.

విమర్శకును మర్యాద కలదు. ముందు గుణమును చెప్పవలెను. పిదప దోషమును నిదర్శనముతో చూపవలెను. వ్యక్తిని గాక పనినే విమర్శించి, సవరించు మార్గమును సూచింపవలెను. ఇట్లు పరిశీలించువాడును లాభపడును. ఇతరుని పాఠమున కనబడిన లోపము తన పాఠమునను కలదేమో యని వెదకికొనును.

భాషోపాధ్యాయులకు మఱియొక మేలు కలదు. వేర్వేరు ప్రాంతములవారు ఒకే గదిలో చదువుదురు. ఒకరి ‘ఆనపకాయ’ మఱియొకరికి ‘సొరకాయ’. సహాధ్యాయి పలుకుబడిని ఆదరించుట నేర్చినవాడు, రేపు బాలుని ఇంటిమాటను తప్పని కొట్టివేయడు.

12వ శతాబ్దమున కల్యాణమునందలి అనుభవమంటపమున మడివాళ మాచయ్య, అంబిగర చౌడయ్య వంటి కాయకజీవులు అల్లమప్రభువు సమక్షమున పరస్పరము ప్రశ్నించుకొనిరని శరణ సంప్రదాయము చెప్పుచున్నది. తోడివానిని ప్రశ్నించుట అగౌరవము కాదు. తోడివాని ప్రశ్నకు తలయొగ్గుట చిన్నతనమును కాదు.

కావున శిక్షణకు పోవు యువతీయువకులు ప్రతి పాఠము ముగిసిన పిదప ఒక సహాధ్యాయిని, “నా పాఠమున నీకు అర్థము కానిదేది?” అని అడుగవలెను. వచ్చిన సమాధానమునకు బదులాడక పుస్తకమున వ్రాసికొని, మఱునాటి పాఠమునకు ముందు దానిని చదువుకొనవలెను.